ట్యాంకు నుంచి మంచం దాకా: రెండో వేవ్‌లో ఒక జిల్లా ఆసుపత్రి ఆక్సిజన్ లైను

కొవిడ్ మొదటి వేవ్‌లో దేశం మొత్తం మీద మెడికల్ ఆక్సిజన్ డిమాండ్ బాగా పెరిగిన రోజున 3,095 టన్నులు. 2021లో రెండో వేవ్ వచ్చేసరికి అది రోజుకి 9,000 టన్నుల దగ్గరకి పోయింది. ఈ అంకెలు ప్రభుత్వం పార్లమెంటులో చెప్పినవే. అంత ఆక్సిజన్ ఎక్కడ తయారైంది, ఏ రైలెక్కింది, ఏ విమానంలో ఖాళీ ట్యాంకర్లు ఎగిరాయి అన్నది అప్పట్లో టీవీలు రోజూ చూపించాయి. ట్యాంకర్ ఆసుపత్రి గేటు దాటి లోపలికి వచ్చాక ఏం జరిగిందో మాత్రం పెద్దగా ఎవరూ రాయలేదు. నేను పనిచేసింది అక్కడే.

నాది మెకానికల్ ఇంజనీరింగ్. ఆసుపత్రుల్లో మెడికల్ గ్యాస్ పైపులైన్లు డిజైన్ చేసి వేయించడం వృత్తి. 2021 మే మొదట్లో కోస్తా జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయడం లేదు. అంకెల్ని గుండ్రం చేసి చెప్తున్నాను. పద్ధతి ముఖ్యం గనక దానివల్ల నష్టం లేదు.

ఫిర్యాదు

ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారు ఫోన్‌లో చెప్పింది ఒక్క మాట: "ఆక్సిజన్ చాలడం లేదండీ, ఇంకో ట్యాంకు పెట్టించాలి." వెళ్లి చూస్తే ఆవరణలో 10 కిలోలీటర్ల లిక్విడ్ ట్యాంకు ఉంది. లెవెల్ గేజ్ సగానికి పైనే చూపిస్తోంది. ట్యాంకు దగ్గర లైన్ ప్రెషర్ నాలుగు కేజీల పైచిలుకు. (చదరపు సెంటీమీటరుకి ఇన్ని కిలోలు అని అర్థం. మా ఫిట్టర్లందరూ కేజీలనే అంటారు. బార్ అనుకున్నా పెద్ద తేడా లేదు.) అంటే ట్యాంకులో ఆక్సిజన్ ఉంది, బయలుదేరే చోట ప్రెషర్ కూడా ఉంది. అయినా రెండో అంతస్తులో మెషిన్లు లో-ప్రెషర్ అలారం కొడుతున్నాయి.

ఆ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ ఇచ్చిన సమాచారం నాకు ఏ గేజూ ఇవ్వలేదు. "పొద్దున బాగానే ఉంటుంది సార్. సాయంత్రం భోజనాలయ్యాక మొదలవుతుంది. అదీ ఆ మూలనున్న నాలుగైదు మంచాలకే. ఈ చివర పేషెంట్‌కి ఏమీ కాదు." సరుకు తక్కువైతే అందరికీ ఒకేసారి తక్కువ కావాలి. ఒక చివరే తక్కువైతే, అదీ వాడకం పెరిగిన వేళే అయితే, తప్పు దారిలో ఉందని అర్థం. మున్సిపాలిటీ నీళ్లు వదిలినప్పుడు వీధి మొదట్లో బిందెలు నిండుతుంటే చివరి ఇంటి కుళాయి బుసకొట్టడం మనకి తెలియనిది కాదు.

మరి ఆసుపత్రిలో అందరూ ట్యాంకు చిన్నదైపోయిందని ఎందుకు అనుకున్నారు? మెషిన్ అలారం "ప్రెషర్ తక్కువ" అని మాత్రమే చెబుతుంది, ఎందుకు తక్కువో చెప్పదు. ఆ రోజుల్లో ఊరంతా ఆక్సిజన్ కరువన్న వార్తలే. సహజంగానే ఆ అనుమానమే ముందొస్తుంది. ఇంకో ట్యాంకు తెప్పించి పెట్టినా ఆ మూల మంచాలకి రవ్వంత కూడా ఎక్కువ వచ్చేది కాదు.

ముందు ఒక లెక్క

పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద వాడకం లెక్క వేశాం. డాక్టర్లకి, నర్సులకి ప్రతి పేషెంట్ ఎంత ఫ్లో మీద ఉన్నాడో తెలుసు. కానీ అన్నీ కలిపి కూడిన కాగితం ఎక్కడా లేదు. కూడమని ఎవరినీ ఎవరూ అడగలేదు, అది ఏ ఒక్కరి డ్యూటీ చార్టులోనూ లేదు.

సుమారుగా ఇలా వచ్చింది. ముక్కు గొట్టాలతో నిమిషానికి 5 లీటర్ల మీద 120 మంది: 600 లీటర్లు. సంచీ ఉన్న మాస్కు, అంటే ఎన్‌ఆర్‌బీఎం, 15 లీటర్ల చొప్పున 60 మంది: 900. హెచ్‌ఎఫ్‌ఎన్‌సీ, బైపాప్ లాంటి హై ఫ్లో మెషిన్ల మీద 50 లీటర్ల చొప్పున 20 మంది: 1,000. మొత్తం నిమిషానికి 2,500 లీటర్లు. గంటకి 150 ఘనపు మీటర్లు, రోజుకి 3,600. బరువులో చూస్తే 4.8 టన్నులు.

ఈ కాగితం చూపించగానే సూపరింటెండెంట్ గారి గదిలో చర్చ మారిపోయింది. 20 మంది వాడేది 120 మంది వాడేదానికంటే చాలా ఎక్కువ. కాబట్టి ఆ 20 మెషిన్లు ఎక్కడున్నాయన్నదే అసలు ప్రశ్న. అవన్నీ రెండో అంతస్తులో, ఒకే వార్డులో, ఒకే కొమ్మ పైపు మీద ఉన్నాయి. వైద్యపరంగా అది సరైన ఏర్పాటే: సీరియస్ కేసులన్నీ ఒకచోట ఉంటే అనస్థీషియా డాక్టరుగారు ఒక్కరే చూసుకోగలరు. పైపుకి ఆ సంగతి తెలియదు కదా.

ఒక లీటరు ద్రవ ఆక్సిజన్ ఆవిరైతే సుమారు 860 లీటర్ల గ్యాస్ వస్తుంది. ఆ లెక్కన 10 కిలోలీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే 8,600 ఘనపు మీటర్లు, అంటే పై వాడకానికి 57 గంటలు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ కావాలి.

పైపు

ఆ వార్డు కట్టినప్పుడు అది జనరల్ వార్డు. జనరల్ వార్డుకి ఆక్సిజన్ లైన్ డిజైన్ చేసేటప్పుడు అన్ని మంచాలూ ఒకేసారి వాడతాయని ఎవరూ లెక్కెయ్యరు. కొన్ని మంచాలు, అదీ కొద్ది కొద్దిగా వాడతాయని అనుకుంటారు. ప్రపంచమంతా అదే పద్ధతి, తప్పేమీ లేదు. అందుకని అక్కడ 15 మిల్లీమీటర్ల రాగి గొట్టం వేశారు. లోపలి వ్యాసం పదమూడున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. రైజర్ (కింది నుంచి అంతస్తులకి ఎక్కే నిలువు గొట్టం) నుంచి చివరి మంచం దాకా నలభై మీటర్ల పొడవు.

నలభై మీటర్ల ఈ గొట్టంలో నిమిషానికి 1,000 లీటర్లు లాగితే, పోయే ప్రెషర్ దాదాపు ఒక కేజీ. నాలుగుతో బయలుదేరింది చివరికి మూడుగా చేరుతుంది. మెషిన్లు చాలావరకు మూడుకి కాస్త కింద అలారం మొదలుపెడతాయి. పగలంతా అంచు మీద నడుస్తోంది. సాయంత్రం భోజనాల కోసం మాస్కులు తీసిన పేషెంట్లకి శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోతుంది, మళ్లీ పెట్టేటప్పుడు ఫ్లో పెంచుతారు, అలారం మోగుతుంది. సిస్టర్ చెప్పింది అక్షరాలా ఇదే.

గొట్టాల్లో ప్రెషర్ నష్టానికి రెండు గుణాలున్నాయి. ఫ్లో రెట్టింపైతే నష్టం నాలుగు రెట్లవుతుంది. వ్యాసం కాస్త పెరిగితే నష్టం విపరీతంగా తగ్గుతుంది, ఎందుకంటే అది వ్యాసం ఐదో ఘాతం మీద ఆధారపడుతుంది. అదే నలభై మీటర్లు 22 మిల్లీమీటర్ల గొట్టమైతే నష్టం ఏడో వంతుకి పడిపోతుంది. మొదటి గుణం ఆ రాత్రికే పనికొచ్చింది, రెండోది ఆ వారంలో.

ఆ రాత్రి చేసింది మెషిన్లు జరపడమే. పాత ఆపరేషన్ థియేటర్ బ్లాక్‌లో పెద్ద గొట్టం ఉంది, ఆపరేషన్లు ఆగిపోయి అక్కడ వాడకమే లేదు. హై ఫ్లో పేషెంట్లలో సగం మందిని అక్కడికి మార్చగలరా అని అనస్థీషియా డాక్టరుగారిని అడిగాను. "స్టాఫ్ రెండు చోట్ల ఎక్కడి నుంచి తేను?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. చివరికి ఆరుగురిని అటు మార్చి, ఇంకొందరిని అదే వార్డులో రైజర్ దగ్గరి మంచాలకి తెచ్చి, చివరి మంచాలకి తక్కువ ఫ్లో వాళ్లని పంపారు. ఒక్క అంగుళం పైపు కోయకుండానే చివరి అవుట్‌లెట్ దగ్గర గేజ్ మూడున్నర దాకా లేచింది. ఇంజనీర్ అనగానే కొత్తగా ఏదో తయారుచేస్తాడని ఆశిస్తారు. మంచాలు జరపమనడానికి ఇంజనీర్ ఎందుకని ఒకాయన ఎకసెక్కం కూడా చేశాడు. ఏ మంచం ఎటు జరపాలో చెప్పడానికి ఒక పైపు డ్రాయింగ్, ఒక క్యాలిక్యులేటర్ కావాలి. అవి పట్టుకున్నవాడు అప్పటిదాకా ఆ వార్డులోకి రాలేదు, అంతే.

ఆ వారంలో చేసింది, వార్డు రెండో చివరికి 22 మిల్లీమీటర్ల కొత్త లైను తెచ్చి కలపడం. దాంతో గ్యాస్ రెండు వైపుల నుంచీ అందే రింగు ఏర్పడింది. చెప్పడానికి తేలికే. కర్ఫ్యూ రోజుల్లో రాగి గొట్టం దొరకడమే గగనమైంది. ఏసీ మెకానిక్ ఒకరు మంచి మనసుతో తన దగ్గరున్న ఏసీ పైపు చుట్టలు తెచ్చి పెట్టాడు. తీసుకోలేదు. మెడికల్ ఆక్సిజన్ గొట్టం లోపల నూనె జిడ్డు లేకుండా కడిగి, రెండు చివర్లా మూతలు బిగించి వస్తుంది. జిడ్డున్న గొట్టంలో ఒత్తిడితో ఆక్సిజన్ వెళ్తే నిప్పు పుట్టడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. చివరికి పని ఆగిపోయిన ఒక ప్రైవేటు భవనంలో మూతలు తీయని గొట్టాలు దొరికాయి, యజమాని అడగ్గానే ఇచ్చేశాడు.

అతుకు వేసేటప్పుడు గొట్టం లోపల నైట్రోజన్ పారిస్తూ బ్రేజింగ్ చేయాలి, లేకపోతే లోపల నల్లటి పొక్కు కట్టి, అది రాలి రెగ్యులేటర్లలో, మెషిన్ల వాల్వుల్లో ఇరుక్కుంటుంది. తొందర్లో అందరూ ముందు వదిలేసేది ఈ నైట్రోజనే. వదలకూడదు. అదే నైట్రోజన్ గొట్టంలో మిగిలిపోతే పేషెంట్ ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి కలిపాక ఆక్సిజన్‌తో కడిగి, ప్రతి అవుట్‌లెట్ దగ్గరా ఎనలైజర్ పెట్టి శాతం చూసి, సంతకం చేశాకే మంచాలకి ఇవ్వాలి. పాత లైనుతో కలిపే అతుకు కోసం జోన్ వాల్వు (కొన్ని మంచాలకి కలిపి గ్యాస్ ఆపే వాల్వు) కాసేపు మూయాల్సి వచ్చింది. ఆ కాసేపు ప్రతి మంచం పక్కనా ఒక సిలిండర్, దాని పక్కన ఒక మనిషి. ఎంఎన్‌ఓలు (వార్డుల్లోని మగ నర్సింగ్ ఆర్డర్లీలు) ఆ పని చేసిన తీరు చూస్తే మా సైట్లలో అలాంటి క్రమశిక్షణ ఎప్పుడొస్తుందా అనిపించింది.

మంచు

లిక్విడ్ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ట్యాంకు పక్కన రెక్కలున్న అల్యూమినియం గొట్టాల చట్రం ఒకటి ఉంటుంది, దాన్ని వేపరైజర్ అంటారు. దానికి మంట లేదు, కరెంటు లేదు. చుట్టూ ఉన్న గాలిలోని వేడితోనే ద్రవం గ్యాసవుతుంది. పని చేస్తున్నకొద్దీ గాలిలోని తేమ రెక్కల మీద మంచుగా గడ్డకడుతుంది. మంచు మందమైతే వేడి లోపలికి వెళ్లదు. అందుకే వీటిని మామూలుగా జంటగా పెట్టి, కొన్ని గంటలకోసారి మారుస్తూ, ఒకటి పనిచేస్తుంటే ఇంకోదాని మంచు కరగనిస్తారు.

ఇక్కడ ఉన్నది ఒక్కటే, గంటకి 150 ఘనపు మీటర్ల కెపాసిటీది. మన లెక్కలో వాడకం కూడా సరిగ్గా 150. కాగితం మీద చాలు. కానీ ఆ 150 అన్నది కొన్ని గంటలపాటు నడిచి విశ్రాంతి తీసుకునే లెక్క. 24 గంటలూ, అదీ మే నెల సముద్రపు ఉక్కలో నడిపితే రెక్కలు కనిపించకుండా మంచు దిమ్మె అయిపోతుంది. అప్పుడు లైన్లోకి చల్లటి గ్యాస్ వస్తుంది, రెగ్యులేటర్ లోపలి రబ్బరు బిగుసుకుపోతుంది, ప్రెషర్ ఊగిసలాడుతుంది. రెగ్యులేటర్ దాటాక కూడా రాగి గొట్టం మీద తెల్లగా మంచు కనిపిస్తే పరిస్థితి చేయి దాటుతోందన్నమాట. మేం వెళ్లేసరికి అక్కడ రెండు మీటర్ల మేర తెల్లగా ఉంది.

తాత్కాలికంగా మామూలు కుళాయి నీళ్లు పైపుతో చల్లించాం. చలి దేశాల పుస్తకాల్లో ఈ చిట్కా అంతగా కనిపించదు. మన దగ్గర ఎండాకాలం ట్యాంకులో నీళ్లే ముప్ఫై డిగ్రీలు దాటి ఉంటాయి, మంచు కరిగించడానికి అంతకంటే చవకైన వేడి లేదు. కరిగిన నీళ్లు పునాది కింద చేరి మళ్లీ గడ్డకట్టకుండా కాలువ తీయించాలి. ఒక పారిశ్రామిక గ్యాస్ డీలర్ దగ్గర ఖాళీగా ఉన్న రెండో వేపరైజర్‌ని ఆక్సిజన్‌కి పనికొచ్చేలా శుభ్రం చేయించి జత చేశాక నీళ్ల పైపు అవసరం తీరింది.

శాతం వద్దు, గంటలు చెప్పండి

మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకర్ ఆలస్యమై ప్రెషర్ పడిపోయింది. 11 మంది చనిపోయారని అధికారికంగా ప్రకటించారు. అంతకు ముందు ఏప్రిల్ 21న నాసిక్ జాకీర్ హుసేన్ ఆసుపత్రిలో ట్యాంకు దగ్గర లీకై సరఫరా ఆగిపోయి 20 మందికి పైగా పోయారు. రుయా వార్త వచ్చిన మర్నాడు మా ఆసుపత్రిలో అందరి టెన్షన్ ఒకటే: మన ట్యాంకర్ రాకపోతే?

అప్పటిదాకా అక్కడ రిజిస్టర్లో రాస్తున్నది శాతం. "ట్యాంకు 45 శాతం." ఆ అంకెతో ఎవరూ ఏమీ చేయలేరు. 45 శాతం అంటే మామూలు రోజుల్లో వారాలు, ఆ రోజుల్లో ఒక రోజుకి కాస్త పైన. మేం చేసిన చార్టు చాలా సాదాది. గంటకోసారి లెవెల్ గేజ్ రీడింగు, ట్యాంకు తయారీదారు ఇచ్చిన పట్టిక ప్రకారం ఘనపు మీటర్లు, గత మూడు గంటల సగటు వాడకం, మిగిలిన గంటలు. చివరి గడి ఒక్కటే పెద్ద అక్షరాలతో. దాని ఫొటో గంటగంటకీ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. అందులో ఆర్‌ఎంఓ గారు, జిల్లాలో ఆక్సిజన్ చూసే అధికారి, సరఫరాదారు మనిషి ఉన్నారు.

మిగిలిన గంటల పక్కనే ఇంకో అంకె రాయించాం: ట్యాంకర్ అక్కడ బయలుదేరి ఇక్కడ పైపు తగిలించేదాకా పట్టే గంటలు. మొదటి అంకె రెండోదానికి రెట్టింపు దగ్గరికి దిగగానే ఫోన్లు మొదలవ్వాలి. అంతకంటే తగ్గేదాకా ఆగకూడదు.

"సిలిండర్లున్నాయి కదా, మానిఫోల్డ్ రూమ్‌లో ఇరవై జంబోలు" అని ఒక ధీమా అందరిలోనూ ఉండేది. (మానిఫోల్డ్ రూమ్ అంటే సిలిండర్లని వరుసగా లైనుకి తగిలించే గది.) జంబో సిలిండర్లో ఉండేది 7 ఘనపు మీటర్లు, అంటే 7,000 లీటర్లు. 15 లీటర్ల మాస్కు మీదున్న ఒక్క పేషెంట్‌కి అది ఏడున్నర గంటలకి పైనే వస్తుంది. 60 లీటర్ల హై ఫ్లోకి రెండు గంటలు కూడా రాదు. మొత్తం ఆసుపత్రి వాడకం నిమిషానికి 2,500 లీటర్లయితే? మూడు నిమిషాలు కూడా రాదు. ఇరవై సిలిండర్లూ కలిపి గంటలోపు ఖాళీ. ఈ లెక్క బోర్డు మీద రాశాక గదిలో మాట పడిపోయింది. ఆ రోజే బ్యాకప్ ప్లాన్ మారింది. ట్యాంకు ఆగితే సిలిండర్లు ఎవరికి ముందు వెళ్లాలి, ఏ జోన్ వాల్వు ఎవరు మూయాలి, మోయడానికి ఎవరెవరు రావాలి అన్నది పేర్లతో సహా గోడకి అంటించారు. ఎవరికి ముందన్నది డాక్టర్లు తేల్చారు. అందులో ఇంజనీర్ వేలు పెట్టకూడదు.

ట్యాంకర్ నుంచి నింపేటప్పుడు ఒక జాగ్రత్త. పైనుంచి నింపితే చల్లటి ద్రవం ట్యాంకులో పైనున్న ఆవిరిని ద్రవంగా మార్చేస్తుంది, ట్యాంకు ప్రెషర్ పడిపోతుంది. కిందినుంచి నింపితే ఆ ఆవిరి నొక్కుకుని ప్రెషర్ పెరుగుతుంది. రెండు వాల్వులూ సమం చేస్తూ నింపాలి. అనుభవమున్న డ్రైవర్లకి ఇది చేతికి అలవాటైన పని. కానీ ఆ రోజుల్లో రాత్రీపగలూ నడుపుతూ వచ్చి కునికిపాట్లు పడుతున్న డ్రైవర్ల చేత ఆ పని చేయించడం న్యాయం కాదు. మా బయోమెడికల్ టెక్నీషియన్ ఒక తమ్ముడు అది నేర్చుకుని, నింపినంతసేపూ లైన్ గేజ్ పక్కన నిలబడేవాడు. "అన్నా, నువ్వు టీ తాగు, గేజ్ నేను చూస్తా" అని డ్రైవర్‌ని కూర్చోబెట్టడం అతనికి అలవాటైంది.

చిన్న చిల్లులు

వార్డు వార్డుకీ సబ్బు నీళ్లతో తిరిగితే అవుట్‌లెట్ల రబ్బరు వాషర్లు అరిగి బుడగలొచ్చేవి చాలానే దొరికాయి. ఇంకా ఎక్కువ పోయేది తెరిచి వదిలేసిన ఫ్లోమీటర్లలో. పేషెంట్ బాత్రూమ్‌కి వెళ్తాడు, మాస్కు దిండు మీద, 15 లీటర్లు గదిలోకి. నర్సు ఒక్కరు నలభై మందిని చూస్తుంటే అటెండర్లని తిట్టి లాభం లేదు. మహారాష్ట్రలో నందుర్బార్ లాంటి చోట్ల ఈ ఒక్క పనికే ప్రత్యేకంగా నర్సులని పెట్టారు. ఇక్కడ అంత సిబ్బంది లేక, షిఫ్టుకొక నర్సింగ్ స్టూడెంట్‌కి ఆ పని అప్పగించారు.

ఫ్లో ఎంత ఉండాలన్నది వైద్యం. మన దేశపు మార్గదర్శకాల్లో శాచురేషన్ లక్ష్యం 92 నుంచి 96. 99 చూపిస్తున్న పేషెంట్‌కి 15 లీటర్లు నడుస్తుంటే ఎవరో ఒకరు డాక్టర్‌కి గుర్తు చేయాలి. హై ఫ్లో మెషిన్లలో ఈ తేడా ఇంకా పెద్దది. మొత్తం 60 లీటర్ల ఫ్లోలో ఆక్సిజన్ వంద శాతం పెడితే 60 లీటర్లూ లైను నుంచే వస్తాయి. అదే 60 శాతానికి దించగలిగితే లైను నుంచి లాగేది సుమారు 30, మిగతాది మామూలు గాలి. ఒక పేషెంట్ దగ్గర నాబ్ కొంచెం తిప్పితే ఆరుగురు ముక్కు గొట్టాల పేషెంట్లకి సరిపడా మిగులుతుంది. అనస్థీషియా డాక్టరుగారు ఈ అంకెని రౌండ్స్‌లో వాడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత వారం రోజువారీ వాడకం తగ్గింది. అయితే అడ్మిషన్లు కూడా అప్పుడే తగ్గడం మొదలైంది కాబట్టి ఎంత భాగం దేనివల్లో విడదీయలేం.

గదిలోకి పోయిన ఆక్సిజన్ వృథా మాత్రమే కాదు. గాలిలో మామూలుగా 21 శాతం ఉండేది 23.5 దాటితే మంట అంటుకునే తీరే మారిపోతుంది. కిటికీలు మూసి ఏసీ వేసిన ఐసీయూలో, దుప్పట్లు, శానిటైజర్, వేడెక్కిన ఎక్స్‌టెన్షన్ బోర్డుల మధ్య ఇది చిన్న విషయం కాదు. ఏసీలు ఆపించి కిటికీలు తెరిపించాం. ఉక్కపోతకి అందరూ విసుక్కున్నారు.

గేటు బయట

ఇదంతా ఒక ఆసుపత్రి సంగతి. గేటు బయట ఇంజనీర్లు చేసిన వాటిలో నాకు బాగా నచ్చింది రైల్వే వాళ్ల పని. ఆక్సిజన్ పెద్దమొత్తంలో తయారయ్యే చోట్లలో స్టీల్ ప్లాంట్లు ముఖ్యం. వాటిలో చాలా తూర్పున విశాఖపట్నం, రూర్కెలా, జంషెడ్‌పూర్ వైపు ఉన్నాయి. ముంబై, నాసిక్, ఢిల్లీలకి కావాలి. ట్యాంకర్ లారీలనే రైలు బండి మీద ఎక్కించాలంటే ఎత్తు అడ్డం: సొరంగాలు, బ్రిడ్జిలు, కరెంటు తీగలు. కొలిచి చూసి, 3,320 మిల్లీమీటర్ల ఎత్తుండే ఒక రకం ట్యాంకర్ 1,290 మిల్లీమీటర్ల ఎత్తుండే చదును బోగీ మీద పడుతుందని తేల్చారు. మహారాష్ట్ర ఘాట్లలో సొరంగాలు తగులుతాయని వసాయి, సూరత్, నాగపూర్ మీదుగా చుట్టు తిప్పి ముంబై దగ్గరి కలంబోలి నుంచి విశాఖకి ఖాళీ ట్యాంకర్లు తెచ్చారు. 1,850 కిలోమీటర్ల పైచిలుకు దూరం, 50 గంటలు. విశాఖ స్టీల్ ప్లాంటులో ఏడు ట్యాంకర్లు నింపుకుని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఏప్రిల్ 22న బయలుదేరింది. తెలంగాణ ప్రభుత్వం ఏప్రిల్ 23న హైదరాబాద్ బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో ఒడిశాకి ట్యాంకర్లు పంపిందంటే అవి ఖాళీవే. నిండు ట్యాంకర్ లోపల ద్రవం ఎప్పుడూ కొద్దికొద్దిగా మరుగుతూ గ్యాస్ వదులుతుంటుంది, దాన్ని విమానంలో పెట్టకూడదు. పోయేటప్పుడు ఆదా అయిన గంటలే లాభం. తిరుగు దారి రోడ్డే.

ఐఐటీ బాంబే వాళ్లు చేసింది కూడా ఈ కోవలోదే. ఫ్యాక్టరీల్లో ఉన్న నైట్రోజన్ ప్లాంట్లలో కార్బన్ జల్లెడ పదార్థం తీసి జియోలైట్ (నైట్రోజన్‌ని పట్టుకునే ఖనిజం) పోస్తే అదే ప్లాంటు ఆక్సిజన్ ఇస్తుందని చేసి చూపించారు. ఉన్న కంప్రెసర్, ఉన్న డ్రయ్యర్, ఉన్న గది. 2020లో మన కాలేజీల్లో ఎన్నో బృందాలు అంబు బ్యాగ్‌ని (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచీ) మోటారుతో నొక్కే వెంటిలేటర్లు తయారు చేశాయి. ఆ ఉత్సాహాన్ని తక్కువ చేయను. వాటిలో పేషెంట్ దాకా చేరినవి నేను చూడలేదు. అదే పిల్లలు ఊళ్లోని ఆసుపత్రికి వెళ్లి అవుట్‌లెట్లు లెక్కపెట్టి, పైపు డ్రాయింగ్ గీసి, ప్రెషర్ గేజ్‌తో తిరిగి ఉంటే రెండో వేవ్ నాటికి ఎంతో పనికొచ్చేది. చాలా ఆసుపత్రుల్లో ఆ డ్రాయింగే ఉండదు.

తర్వాత

2021 చివరికి పీఎం కేర్స్ కింద దేశమంతా 1,200కి పైగా పీఎస్‌ఏ ప్లాంట్లు (గాలి నుంచే ఆక్సిజన్ తీసేవి) వచ్చాయి. మా ఆసుపత్రికీ నిమిషానికి 1,000 లీటర్లది ఒకటి వచ్చింది. గాలిని నొక్కి జియోలైట్ గుండా పంపితే నైట్రోజన్ అక్కడ అంటుకుంటుంది, 93 శాతం చుట్టూ ఆక్సిజన్ బయటికొస్తుంది. ఆర్గాన్ విడిపోదు గనక అంతకంటే పెద్దగా పెరగదు. ట్యాంకర్ కోసం చూడక్కర్లేదు. కానీ 1,000 లీటర్లు అంటే గంటకి 60 ఘనపు మీటర్లే, మే నెల వాడకంలో సగం కూడా కాదు. దానికి వంద కిలోవాట్లకి అటూఇటూ కరెంటు కావాలి. కరెంటు పోతే ప్లాంటు ఆగిపోతుంది కాబట్టి జనరేటర్ సామర్థ్యం ముందు చూసుకోవాలి. ఇక్కడి పాత జనరేటర్ ఆపరేషన్ థియేటర్లకే సరిపోయేది, పెద్దది వచ్చేదాకా ప్లాంటుని బ్యాకప్ లెక్కలో చేర్చొద్దని రాసిచ్చాం.

జియోలైట్‌కి శత్రువు తేమ. డ్రయ్యర్ పాడైనా, నెలల తరబడి నడపకుండా వదిలేసినా తేమ పట్టి శాతం పడిపోతుంది. అందుకని వారానికోసారి కొన్ని గంటలు నడిపి, ఎనలైజర్ రీడింగ్ రిజిస్టర్లో రాయాలి. రీడింగ్ 90 కిందకి వస్తే లైనుకి కలపకూడదు. ఆ రిజిస్టర్‌తో పాటు కొత్త రింగు లైను చూపించే డ్రాయింగు, రెండు వేపరైజర్లు మార్చే టైమ్‌టేబుల్, గంటల చార్టు ఖాళీ ఫారాల కట్ట, ఏ జోన్ వాల్వు ఏ మంచాలదో చెప్పే పట్టిక మానిఫోల్డ్ రూమ్‌లో తలుపు వెనక వేలాడదీసి ఆర్‌ఎంఓ గారికి అప్పగించాం. ఆయన అడిగిన చివరి మార్పు ఒకటుంది: చార్టులో ఇంగ్లిష్ గళ్ల పేర్లన్నీ తెలుగులో కావాలన్నారు, రాత్రి డ్యూటీ ఎంఎన్‌ఓలే నింపాలి గనక. అది మార్చి ఇచ్చాం.